ఒకే పల్స్ గ్రాఫ్, రెండు రిపోర్టులు: బీపీ అదుపులోనే ఉన్నా గుండె గోడ మందమైన కేసు

ధమనుల్లో ప్రెషర్ అలలు ఎలా పుడతాయి, ఎలా కలుస్తాయి అన్న దాని మీద రెండు వర్గాల మధ్య ఇరవై ఏళ్లకు పైగా నడుస్తున్న గొడవ మామూలుగా జర్నళ్ల పేజీలు దాటి బయటికి రాదు. ఈ కేసులో అది ప్రిస్క్రిప్షన్ దాకా వచ్చింది. ఒకే పేషెంటు, ఒకే రోజు తీసిన ఒకే గ్రాఫ్, దాని మీద మా ల్యాబ్‌లోనే ఇద్దరు రాసిన రెండు రిపోర్టులు. మొదటి రిపోర్టు ప్రకారం సమస్యంతా కింది నుంచి తిరిగొచ్చే అలలది. రెండో రిపోర్టు ప్రకారం ఆవిడ ఒంట్లో తిరిగొచ్చే అలలే అంతంతమాత్రం. గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. వాదనకు కావలసిన అంకెలు మాత్రం ఉంచాను, ఎందుకంటే అవి లేకపోతే ఈ కేసులో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

పేషెంటు

అరవై దాటిన ఆవిడ. పొట్టి మనిషి, ఎత్తు ఒకటిన్నర మీటరుకు కాస్త తక్కువ. చాలా ఏళ్లుగా బీపీ ఉంది. బీటా బ్లాకర్ రకం మందు ఎటెనొలాల్, దాంతోపాటు చిన్న డోసు హైడ్రోక్లోరోథయజైడ్ (మూత్రం ద్వారా ఉప్పు, నీరు పంపే థయజైడ్ మందు) వాడుతున్నారు, మందులు మానే మనిషి కాదు. చేతికి కఫ్ కట్టి చూస్తే 138/68, పల్స్ 51. పంపిన డాక్టరు అడిగింది ఒక్కటే: బీపీ అదుపులోనే ఉన్నప్పుడు, రెండేళ్ల తేడాతో తీసిన రెండు ఎకోల్లో ఎడమ జఠరిక గోడ ఎందుకు మందమవుతూ పోతోంది?

ఆవిడ చెప్పుకున్న బాధ వేరు. "మెట్లు సగం ఎక్కేసరికి ఆయాసం వచ్చేస్తోంది డాక్టర్ గారూ, కానీ గుండె మాత్రం దడదడ ఏమీ ఉండదు" అన్నారు. మెట్లెక్కితే ఆయాసం అనే పేషెంట్లు రోజూ వస్తారు. గుండె దడ లేదని విడిగా చెప్పేవాళ్లు అరుదు. అందుకే ఆ మాటను కేస్ షీట్‌లో ఆవిడ అన్నట్టుగానే రాసి పెట్టాం.

ముందు మామూలు అనుమానాలు తీర్చుకున్నాం. కఫ్ సైజు సరిగానే ఉంది. 24 గంటల బీపీ రికార్డులో పగటి సగటు కఫ్ రీడింగుకు దగ్గరగానే ఉంది, రాత్రి తగ్గాల్సినంత తగ్గుతోంది. కవాటాలు బాగున్నాయి, అంటే గోడ మందమవడానికి అయోర్టిక్ స్టెనోసిస్ (గుండె నుంచి బృహద్ధమనిలోకి తెరుచుకునే కవాటం ఇరుకవడం) కారణం కాదు. ఈసీజీలో వోల్టేజీ గోడ మందానికి తగ్గట్టే ఉంది కాబట్టి అమిలాయిడ్ (గుండె కండలో ప్రొటీన్ పేరుకునే జబ్బు) లాంటి వాటి వైపు పోనవసరం లేదనిపించింది. మూత్రపిండాల్లో, ఆల్డోస్టెరోన్ హార్మోన్‌లో లోపం, నిద్రలో ఊపిరి ఆగే సమస్య, ఏవీ దొరకలేదు. అప్పుడు గుండె నిజంగా ఎంత ప్రెషర్‌కు ఎదురు కొడుతోందో చూద్దామని టోనోమెట్రీకి పంపాం. జఠరిక మీద పడే బరువు చేతి దగ్గరి ప్రెషర్ కాదు, గుండె నుంచి బయటికొచ్చే బృహద్ధమని మొదట్లో ఉండే ప్రెషర్. ఈ రెండూ ఒకటే అనుకోవడం ఒక సౌకర్యం, అంతే.

గ్రాఫ్‌లో ఏముంది

మణికట్టు దగ్గర సెన్సర్ అదిమి పట్టుకుని, అలల ఎత్తు ఒకేలా వచ్చేదాకా వేలి ఒత్తిడి సర్దుకుంటూ తీసే పరీక్ష ఇది. కాస్త ఎక్కువ నొక్కితే అల పైభాగం చదునైపోతుంది, తక్కువ నొక్కితే మెత్తబడుతుంది. ఆవిడ మణికట్టు సన్నం, ధమని ఎముక మీద చక్కగా ఆనింది, గ్రాఫ్ శుభ్రంగా వచ్చింది. దాని నుంచి సాఫ్ట్‌వేర్ లెక్కగట్టిన బృహద్ధమని అల చూస్తే: మొదట నిటారుగా లేచింది, సుమారు 120 మిల్లీసెకన్ల దగ్గర ఒక భుజంలా ఆగింది, అక్కడితో ఆగకుండా మళ్లీ ఎక్కి, ఆలస్యంగా శిఖరం చేరి దిగింది. కేంద్ర ప్రెషర్, అంటే బృహద్ధమని మొదట్లోది, 132/69. భుజం దాటి పైకెక్కిన భాగం 25 మిల్లీమీటర్లు, అంటే 63 మి.మీ. పల్స్ ప్రెషర్‌లో 40 శాతం. దీన్నే ఆగ్మెంటేషన్ ఇండెక్స్ అంటారు. మెడ నుంచి తొడ దాకా అల వేగం సెకనుకు 11.2 మీటర్లు. 10 దాటితే బృహద్ధమని గట్టిపడినట్టే లెక్క.

కుర్రవాళ్లలో చేతి సిస్టాలిక్ కేంద్ర సిస్టాలిక్ కంటే బాగా ఎక్కువ ఉంటుంది. ఈవిడకు తేడా ఆరు మిల్లీమీటర్లే. చేతి దగ్గర 138 అంటే "పర్లేదు" అనిపించే అంకె, కానీ దాదాపు అంతా గుండె గుమ్మం దగ్గరే ఉంది. గోడ మందానికి సగం జవాబు ఇక్కడే దొరికింది. మిగతా సగం, అంటే ఆ రెండో ఎక్కుడు ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గరే తగాదా.

డాప్లర్ అల్ట్రాసౌండ్‌తో గుండె నుంచి వెళ్లే ప్రవాహం కూడా తీసుకుని ఇద్దరు సహోద్యోగులు విడివిడిగా లెక్క కట్టారు. మొదటి ఆయన అలను ముందుకెళ్లేది, వెనక్కొచ్చేది అని రెండుగా విడదీశారు: ముందుకెళ్లేది 40, వెనక్కొచ్చేది 27. అంటే పరావర్తనం చాలా ఎక్కువ. రెండో సహోద్యోగి ఆ అలనే రిజర్వాయర్ ప్రెషర్ (ధమని సాగే సంచిలా నిండి ఖాళీ అవడం వల్ల వచ్చేది), ఎక్సెస్ ప్రెషర్ (అది తీసేయగా మిగిలేది) అని విడదీశారు: రిజర్వాయర్ 52, ఎక్సెస్ శిఖరం 24. ఎక్సెస్ భాగంలో మాత్రమే పరావర్తనం వెతికితే దాదాపు ఏమీ కనబడలేదు. గట్టిపడ్డ బృహద్ధమని నిండడం, ఖాళీ అవడం, కథంతా అదే అని రాశారు.

ఈ తగాదా ఎక్కడిది

దీని మూలాలు పాతవి. 1733లో స్టీఫెన్ హేల్స్ బృహద్ధమని సాగే గుణాన్ని అప్పటి నిప్పు ఆర్పే పంపుల్లో ఉండే గాలి గదితో పోల్చాడు: పంపు ఆగి ఆగి కొట్టినా, నీళ్లు మాత్రం ఆగకుండా వస్తాయి. 1899లో ఒట్టో ఫ్రాంక్ దాన్ని గణితంలోకి తెచ్చాడు, అదే విండ్‌కెసెల్ మోడల్. అందులో ధమనులన్నీ కలిపి ఒకే సాగే సంచి, దాని చివర ఒక అడ్డంకి. గుండె కవాటం మూసుకున్నాక ప్రెషర్ ఎందుకు మెల్లగా దిగుతుందో ఇది అందంగా చెప్తుంది. కానీ సంచి అంతటా ప్రెషర్ ఒకేసారి మారుతుందని, అంటే అల వేగం అనంతమని ఒప్పుకోవాలి. అది నిజం కాదని అందరికీ తెలుసు. 1950లలో మెక్‌డొనాల్డ్, వొమర్స్‌లీ ధమనులను అలలు ప్రయాణించే గొట్టాలుగా చూసి లెక్కలు వేశాక పరావర్తనం భాష స్థిరపడింది. 1980లో మర్గో బృందం బృహద్ధమని అలలను ఆకారాన్ని బట్టి రకాలుగా విడదీసి వెనక్కొచ్చే అలలతో ముడిపెట్టాక ఆ భుజం, ఆ రెండో ఎక్కుడు రెండూ పరావర్తనం సంతకాలుగా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి.

2003లో వాంగ్, పార్కర్, టైబెర్గ్ తదితరులు కుక్కల మీద చేసిన కొలతలతో కొత్త ప్రతిపాదన తెచ్చారు: కొలిచిన ప్రెషర్‌లోంచి ముందు విండ్‌కెసెల్ భాగం తీసేయండి, మిగిలిన ఎక్సెస్ ప్రెషర్ చూస్తే బృహద్ధమని మొదట్లో ప్రవాహం ఆకారంలోనే ఉంటుంది, అంటే అక్కడ పరావర్తనం పాత్ర చాలా తక్కువ. వాళ్ల ప్రధాన అభ్యంతరం వినడానికి బలంగానే ఉంటుంది. కవాటం మూసుకుని గుండె విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు కూడా పాత పద్ధతి ఒక పెద్ద అల ముందుకు వెళ్తోందని, అంతే పెద్ద అల వెనక్కి వస్తోందని, రెండూ ప్రవాహం పరంగా ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నాయని చెప్తుంది. గుండె ఏమీ చేయని వేళ ఇంత పెద్ద అలలా?

ఇక్కడే కాగితం తీసుకుని లెక్క వేయాలి. ముందుకెళ్లే అల అంటే, ప్రెషర్‌కు ప్రవాహం ఇంటు ధమని సహజ అవరోధం (అల ప్రయాణానికి ధమని ఇచ్చే ఎదురు) కలిపి అందులో సగం. వెనక్కొచ్చేది అంటే, కలపడానికి బదులు తీసేసి అందులో సగం. డయాస్టలీలో, అంటే గుండె విశ్రాంతి తీసుకునే దశలో, ప్రవాహం సున్నా. కాబట్టి రెండు అలలూ సమానం, ప్రెషర్‌లో చెరి సగం. ఇది మోడల్ వైఫల్యం కాదు, మూసిన తలుపు దగ్గర ఏ అలైనా ఇలాగే ఉండి తీరాలి: వచ్చిన అల మూసుకున్న కవాటానికి తగిలి తిరిగి ముందుకు వెళ్తుంది. రిజర్వాయర్ పద్ధతి విమర్శకుల జవాబు ఇదే. వాళ్లు ఇంకో మాట కూడా పట్టుకున్నారు. రిజర్వాయర్ ప్రెషర్‌ను డయాస్టలీ వాలు నుంచి కట్టుకొస్తారు, ఆ వాలులో ప్రెషర్ వెనక్కొచ్చే అలకు రెండింతలు. కాబట్టి రిజర్వాయర్ అనేది కొత్త పదార్థమేమీ కాదు, చాలా వరకు వెనక్కొచ్చే అలనే రెట్టింపు చేసి వేరే పేరుతో చూపడం అంటారు. వెస్టర్‌హాఫ్ లాంటివాళ్ల వాదన సారాంశం అది. 2012లో మైనార్డ్ బృందం కంప్యూటర్ మోడల్‌లో పరావర్తనం ఎంతుందో ముందే తెలిసేలా పెట్టి, దాని మీద రిజర్వాయర్ పద్ధతి నడిపి చూస్తే, ఉన్న వెనకటి అలలను తక్కువగా చూపించి లేని వ్యాకోచ అలలను (ప్రెషర్ తగ్గించే అలలను) తయారుచేసిందని రాశారు.

మా రిపోర్టుల్లో 27కు రెండింతలు 54. రిజర్వాయర్ 52. ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఇద్దరు మనుషులు ఒకే విషయం మీద వాదించుకుంటున్నారని నాకు గట్టిగా అనిపించింది.

అలాగని రిజర్వాయర్ వాళ్లది ఉత్త మాట అని కొట్టిపారేయలేం. మా పేషెంటు అల వేగం సెకనుకు 11 మీటర్లు, పల్స్ 51, అంటే గుండె మూల పౌనఃపున్యం (గుండె కొట్టుకునే రేటు) దగ్గర అల పొడవు సుమారు 13 మీటర్లు. అర మీటరు బృహద్ధమనికి 13 మీటర్ల అల అంటే, ఆ స్థాయిలో మొత్తం ధమని దాదాపు ఒకేసారి నిండుతుంది, సంచి అనుకోవడంలో పెద్ద తప్పు లేదు. చిక్కంతా పై పౌనఃపున్యాల్లో, అంటే ఆ భుజం లాంటి పదునైన వంపుల్లోనే వస్తుంది. పరావర్తనం కథకూ బొక్కలున్నాయి. ధమని గట్టిపడే కొద్దీ తిరుగు అల త్వరగా రావాలి, కానీ 2009లో బక్సీ బృందం పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే వయసుతో ఆ సమయం ఆశించినంతగా మారలేదు. పైగా ధమనులు కొమ్మలుగా విడిపోయే చోట్లు ముందుకెళ్లే అలకు బాగా కుదిరి ఉంటాయి కాబట్టే వెనక్కొచ్చే అలకు కుదరవు, దూరం నుంచి వచ్చే అలలు దారిలోనే చిక్కుకుపోతాయి. ఒకే చోటి నుంచి ఒక అల ఠంచనుగా తిరిగొచ్చే బొమ్మ పాఠం చెప్పడానికి బాగుంటుంది, శరీరంలో అలా ఉండదు.

మొదట చేసింది

సిద్ధాంతం తేలేదాకా పేషెంటు ఆగరు. మొదటి రిపోర్టు చేతిలో పెట్టుకుని ఆలోచిస్తే దారి స్పష్టంగానే ఉంది: పరావర్తనం తగ్గించే మందు ఇవ్వాలి. నైట్రేట్లు మధ్య సైజు ధమనులను వదులు చేస్తాయి, చేతి బీపీ పెద్దగా మారకుండానే ఆగ్మెంటేషన్ తగ్గిస్తాయన్నది బాగా తెలిసిన సంగతే. చేతి బీపీ ఇప్పటికే "బాగున్న" పేషెంటుకు ఇదే సరిపోయేలా కనిపించింది. ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ తక్కువ డోసులో కలిపాం, మిగతావి కదపలేదు. ఒకేసారి రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

కాగితం మీద బ్రహ్మాండంగా పనిచేసింది. ఆగ్మెంటేషన్ 40 నుంచి 33కు వచ్చింది, కేంద్ర సిస్టాలిక్ 132 నుంచి 126కు. పరావర్తనం వైపు సహోద్యోగి "చూశారా" అన్నారు. పేషెంటు మాత్రం తలనొప్పితో, లేచి నిలబడితే కళ్లు తిరగడంతో వచ్చారు. డయాస్టాలిక్ 62కు పడిపోయింది. గోడ మందమైన గుండెకు డయాస్టలీలోనే కరోనరీ రక్తం అందాలి కాబట్టి ఆ అంకె మాకు నచ్చలేదు. మెట్ల దగ్గర ఆయాసం వీసమెత్తు తగ్గలేదు.

ఇంతకీ ఆ 7 శాతం తగ్గుదల పరావర్తనం తగ్గిందని రుజువు చేసిందా? లేదు. నైట్రేట్ సిరలను కూడా వదులు చేస్తుంది, గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, ఒక్కో దెబ్బకు బయటికి పంపే పరిమాణం తగ్గుతుంది. సంచిలోకి తక్కువ పోస్తే సంచి తక్కువ ఉబ్బుతుంది. కళ్లు తిరగడం కూడా ఈ వైపే వేలు చూపిస్తోంది. రిజర్వాయర్ వైపు సహోద్యోగి ఇదే రాశారు, ఆవిడ రాసిందీ తప్పు కాదు. రెండు మోడళ్లూ ఒకే ఫలితాన్ని ముందే చెప్పగలిగినప్పుడు ఆ ఫలితం ఎవరి పక్షానా సాక్షి కాదు. నైట్రేట్ ఆపేశాం.

ప్రశ్న మార్చుకోవడం

అప్పటిదాకా మేం అడుగుతున్నది "ఈ 25 మిల్లీమీటర్లు ఎవరివి" అని. దాన్ని పక్కనపెట్టి, ఏ మోడలూ వేయకుండా నేరుగా కొలిచిన అంకెలు మాత్రమే బోర్డు మీద రాశాం: పల్స్ 51, ఎజెక్షన్ సమయం (గుండె రక్తాన్ని బయటికి నెట్టే సమయం) ఎక్కువ, ఒక్కో దెబ్బకు పోయే రక్తం ఎక్కువ, అల వేగం 11.2, సగటు ప్రెషర్, రెండు చోట్లా సిస్టాలిక్, డయాస్టాలిక్. వీటిలో మనం కదపగలిగేది ఏది?

జవాబు మందుల చీటీలోనే ఉంది. పల్స్ 51 ఆవిడ ఒంటి తత్వం కాదు, ఎటెనొలాల్ చేసిన పని. గుండె నెమ్మదిగా కొట్టుకుంటే నిమిషానికి అంతే రక్తం పంపడానికి ఒక్కో దెబ్బకు ఎక్కువ పోయాలి, పల్స్ ప్రెషర్ పెరుగుతుంది. పరావర్తనం భాషలో చెప్పాలంటే, ఎజెక్షన్ ఎక్కువసేపు సాగుతుంది కాబట్టి తిరుగు అల సిస్టలీ (గుండె ముడుచుకునే దశ) ముగిసేలోపే వచ్చి కలుస్తుంది, పొట్టి మనిషిలో అయితే ఇంకా త్వరగా. రిజర్వాయర్ భాషలో అయితే, పెద్ద దెబ్బ గట్టి సంచిలో పడుతోంది. పేస్‌మేకర్‌తో పల్స్ మార్చి చూసిన విల్కిన్సన్ బృందం అధ్యయనంలో (2000) పల్స్ పది పెరిగిన ప్రతిసారీ ఆగ్మెంటేషన్ సుమారు 4 శాతం పడింది. ఇది కొలత, దీనికి మోడల్ అక్కర్లేదు. 2006లో వచ్చిన కేఫ్ అధ్యయనంలో కూడా, ఎటెనొలాల్ ఆధారిత చికిత్సతో పోలిస్తే ఆమ్లోడిపిన్ (రక్తనాళాలను వదులు చేసే బీపీ మందు) ఆధారిత చికిత్సలో చేతి బీపీ దాదాపు సమానంగానే ఉన్నా కేంద్ర సిస్టాలిక్ 4.3 మి.మీ. తక్కువ.

తమాషా ఏంటంటే, అప్పటిదాకా ఒకరి రిపోర్టు ఒకరు ఒప్పుకోని ఇద్దరూ ఎటెనొలాల్ తీసేయాలన్న దగ్గర ఒక్క నిమిషంలో ఒప్పుకున్నారు, ఎవరి కారణం వారిది. ఆవిడకు ఎంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి) లేదు, గతంలో గుండెపోటు లేదు, రిథమ్ సమస్య లేదు, అంటే ఎటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్ తప్పనిసరిగా ఉండాల్సిన కారణమే లేదు. ఉండి ఉంటే ఈ దారి మూసుకుపోయేదే.

ఒక్కసారిగా ఆపలేం, ఆపితే బీపీ, పల్స్ ఎగిరిపడే ప్రమాదం ఉంది. వారాల మీద మెట్టు మెట్టుగా తగ్గించాం, ఇంట్లో బీపీ, పల్స్ రాసుకోమన్నాం. కొత్త మందు వెంటనే మొదలుపెట్టకుండా, బీపీ మరీ ఎక్కితే తప్ప, ఎటెనొలాల్ తీసిన ప్రభావం ఒక్కటే విడిగా కొలుద్దామనుకున్నాం. ఇందులో కాస్త టెన్షన్ ఉంది, నిజమే. కొన్ని రోజులు చేతి బీపీ పెరుగుతుందని ముందే చెప్పాం, ఎంత దాటితే ఫోన్ చేయాలో కూడా రాసిచ్చాం.

ఎటెనొలాల్ పూర్తిగా పోయాక పల్స్ 66. చేతి బీపీ 142/74. కేంద్ర సిస్టాలిక్ 130. ఒక్కసారి ఆగి ఈ రెండు అంకెలు చూడండి: చేతి దగ్గర పెరిగింది, గుండె దగ్గర తగ్గింది. కఫ్ ఒక్కటే చూసేవాళ్లు మందు తీసేయడం వల్ల బీపీ చెడిందనే అంటారు. ఆగ్మెంటేషన్ 34. పల్స్ 15 పెరిగింది కాబట్టి పదికి 4 చొప్పున 6 శాతం తగ్గాలి, 40లోంచి 6 పోతే 34. అల వేగం పెద్దగా మారలేదు. అంటే ధమని గోడలో ఏమీ బాగుపడలేదు, తగ్గుదల మొత్తం పల్స్ లెక్కే. మొదటి గ్రాఫ్‌లో మేం "పరావర్తనం", "రిజర్వాయర్" అని కొట్టుకున్న దాంట్లో ఒక ముక్క కేవలం నెమ్మదైన పల్స్.

ఇక మెట్ల సంగతి. ఆవిడ అడక్కుండానే చెప్పారు, ఇప్పుడు మెట్లెక్కితే గుండె కొట్టుకోవడం తెలుస్తోందని, ఆయాసం మాత్రం పైదాకా వెళ్లాకే వస్తోందని. కేస్ షీట్‌లో మొదటి రోజు మాట మళ్లీ చదివాం. శ్రమ పడినప్పుడు పల్స్ పెరగనివ్వకపోవడమే ఆ ఆయాసానికి ముఖ్య కారణం అయి ఉండాలి. ఏ అలల మోడలూ దీన్ని పట్టించేది కాదు.

తర్వాత ఆమ్లోడిపిన్, పెరిండోప్రిల్ అనే బీపీ మందులు మొదలుపెట్టాం, థయజైడ్ ఉంచాం. స్థిరపడ్డాక చేతి బీపీ 126/70, కేంద్ర సిస్టాలిక్ 115, పల్స్ 68. కాళ్ల వాపు కొంచెం వచ్చింది, ఆమ్లోడిపిన్ డోసు తగ్గిస్తే పోయింది. ఏడాది తర్వాత ఎకోలో గోడ మందం కొద్దిగా తగ్గింది. కొద్దిగానే. ఎకో కొలతల్లో అంత తేడా మనిషి చేతి తేడా వల్ల కూడా వస్తుంది కాబట్టి, పెరగడం ఆగింది అనడం వరకే నాకు ధైర్యం.

లెక్క మళ్లీ వేస్తే

చికిత్స తర్వాత ఇద్దరూ తమ పద్ధతిలో మళ్లీ విడదీశారు. వెనక్కొచ్చే అల 27 నుంచి 18కి వచ్చింది, రిజర్వాయర్ 52 నుంచి 35కు. నిష్పత్తి మళ్లీ రెండుకు దగ్గరే. ఒక తేడా మాత్రం పని చేస్తున్నప్పుడే కంటబడింది. పల్స్ 51 ఉన్నప్పుడు డయాస్టలీ పొడవుగా ఉంది, వాలు చాలాసేపు కనిపిస్తుంది, రిజర్వాయర్ గీత చక్కగా కూర్చుంది. పల్స్ 68కి వచ్చాక డయాస్టలీ పొట్టిదైపోయింది, ఆ వాలు చివరికి ఏ ప్రెషర్ దగ్గర ఆగుతుందో సాఫ్ట్‌వేర్ ఊహించాల్సి వచ్చింది, ఆ ఊహ ఒక్కో దెబ్బకు బాగా ఊగింది. దాని వెంట రిజర్వాయర్ అంకె కూడా ఊగింది, సగటు తీశాకే 35. మరోవైపు అలలు విడదీసే పద్ధతికి ప్రవాహం కావాలి, డాప్లర్ ప్రోబ్ కోణం కాస్త మారితే సహజ అవరోధం లెక్క మారిపోతుంది, వెనకటి అల సైజూ మారుతుంది. రెండు పద్ధతుల బలహీనత రెండు వేర్వేరు చోట్ల ఉంది. వేగంగా కొట్టుకునే గుండెలో రిజర్వాయర్ అంకెను, ప్రవాహం సరిగా దొరకని పేషెంటులో పరావర్తనం అంకెను నేను తేలిగ్గా నమ్మను.

రెండింటికీ పెద్ద అధ్యయనాల మద్దతు ఉందా అని ఎవరైనా అడగొచ్చు. ఉంది. 2012లో మెసా అధ్యయనం నుంచి పరావర్తనం ఎక్కువున్నవాళ్లలో గుండె వైఫల్యం ఎక్కువని వచ్చింది. 2014లో కేఫ్ డేటా నుంచే ఎక్సెస్ ప్రెషర్ గుండె, రక్తనాళాల సంఘటనలను ముందే సూచిస్తుందని వచ్చింది. ఒకే గ్రాఫ్‌లోంచి తీసిన రెండు కొలతల్లో దేనికైనా జబ్బుతో సంబంధం కనిపిస్తుంది, ఎందుకంటే గ్రాఫ్‌కే సంబంధం ఉంది. జోస్యం సరిగ్గా చెప్పినంత మాత్రాన మెకానిజం సరిగ్గా చెప్పినట్టు కాదు.

మా రిపోర్టులో మారినవి

మొదట కొలిచినవి రాస్తాం: పల్స్, ఎజెక్షన్ సమయం, రెండు చోట్ల ప్రెషర్, అల వేగం, ఏ ప్రెషర్‌తో కాలిబ్రేట్ చేశామో. ఈ చివరిది చాలా మంది వదిలేస్తారు, కానీ కేంద్ర ప్రెషర్ ఎంత సొగసుగా లెక్క కట్టినా దాని కింద ఉన్నది కఫ్ రీడింగే, కఫ్ ఐదు మిల్లీమీటర్లు తప్పితే అదీ తప్పుతుంది. ఆగ్మెంటేషన్ పక్కన పల్స్ 75కు సర్దిన విలువ తప్పనిసరి. ఈ పేషెంటు మొదటి రిపోర్టులో అది ఉండుంటే 40 బదులు 30 అనే అంకె కనిపించేది, నైట్రేట్ చర్చ బహుశా ఇంత దూరం వచ్చేది కాదు.

ఆ తర్వాతే విడదీసిన అంకెలు, ఏ మోడల్‌తో విడదీశామో పేరుతో సహా. "పరావర్తనం ఎక్కువగా ఉంది" అని వట్టిగా రాయం. చదివే డాక్టరు దాన్ని ధమనిలో చూసిన వస్తువు అనుకుంటాడు, నిజానికి అది ఒక ఊహ ఒప్పుకున్నాక వచ్చిన లెక్క. చికిత్స సలహా ఇచ్చేటప్పుడు ఇంకో మోడల్ కూడా అదే సలహా ఇస్తుందా అని అడుగుతాం. ఇస్తే, తగాదా ల్యాబ్‌లోనే ఉండనిస్తాం. ఇవ్వకపోతే, అంటే ఒకటి మందు మార్చమని, ఇంకోటి ఉంచమని చెప్తుంటే, అప్పుడు విడదీసిన అంకె మీద ఏ నిర్ణయమూ తీసుకోం. పల్స్‌నో, డోసునో ఒక్కటే కదిపి, మళ్లీ కొలిచి చూస్తాం.